గదిలో వచ్చిన పని బయట ఎందుకు రాదు? ర్యాంకు పరీక్షకు సిద్ధమవుతున్న స్కౌట్ల కోసం

#1 కొత్తదళం

అందరికీ నమస్కారం. 11 నుంచి 13 ఏళ్ల స్కౌట్లను తర్వాతి ర్యాంకుకు తయారు చేయాలి. ముళ్లు, కట్లు, చాకు, గొడ్డలి, నిప్పు, మ్యాపు, దిక్సూచి, ప్రథమ చికిత్స, నీటి దగ్గర జాగ్రత్తలు, ఇవీ అంశాలు. గదిలో బల్ల మీద అందరూ బాగానే చేస్తారు. మైదానంలోకి వెళ్తే మాత్రం తాడు జారుతుంది, మంట రెండు నిమిషాల్లో ఆరిపోతుంది, దిక్సూచి చేతిలో పెట్టుకునే ఎదురు దిక్కుకు నడుస్తారు. ఏ పనిలో ఏది, ఎందుకు తప్పుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. బొమ్మలు పుస్తకంలో ఉన్నాయి, వాటి కింద రాయని సంగతులు కావాలి.

#2 నాలుగుముళ్లు

ముళ్ల సంగతి నేను రాస్తాను. ముందు పరీక్ష పెట్టే తీరు మార్చండి. "బోలైన్ వెయ్యి" (బిగుసుకుపోని ఉచ్చు వేసే ముడి) అంటే వేలికి అలవాటైన ఆట ఆడేస్తారు. "ఈ సన్నతాడుని ఆ లావుతాడుకి కలుపు, తర్వాత లాగుతాం" అనండి. ఏ ముడి కావాలో తేల్చుకోవడమే అసలు పరీక్ష.

రీఫ్ నాట్ (రెండు కొసలు కలిపే చదును ముడి): కుడి కొస ఎడమదాని మీదుగా, ఆ తర్వాత ఎడమ కొస కుడిదాని మీదుగా. రెండుసార్లూ ఒకే చేతి కొస మీదికి వెళ్తే గ్రానీ అనే తప్పుముడి పడుతుంది. దాన్ని దూరం నుంచే పట్టేయొచ్చు, కొసలు తాడుకు అడ్డంగా నిక్కబొడుచుకుంటాయి. సరైన ముడిలో ప్రతి కొసా తన తాడు పక్కనే బుద్ధిగా పడుకుంటుంది. చదునుగా ఉంటుంది గనక గాయం కట్టుకీ, మూట కట్టుకీ ఇదే మేలు. రెండు తాళ్లు కలిపి బరువు వేలాడదీయడానికి మాత్రం పనికిరాదు. ఒక కొసను పక్కకు గట్టిగా గుంజండి, ముడి తిరగబడి రెండో తాడు జర్రున జారిపోతుంది. పిల్లల ముందు ఇది ఒక్కసారి చేసి చూపిస్తే ఇక చెప్పక్కర్లేదు.

షీట్ బెండ్ (లావులో తేడా ఉన్న రెండు తాళ్లు కలిపేది): వంపు, అంటే మడత, లావుతాడుది, చుట్టు సన్నతాడుది. తారుమారైతే సన్నతాడు వంపులోంచి లావుది జారుతుంది. పొట్టి కొసలు రెండూ ముడికి ఒకే పక్కన ఉండాలి. లావుల్లో తేడా బాగా ఉంటే సన్నతాడుని ఇంకో చుట్టు తిప్పాలి.

క్లోవ్ హిచ్ (కర్రకి తాడు కట్టే ముడి): కట్టు మొదలుపెట్టడానికి బాగుంటుంది. ఒంటరిగా నమ్మొద్దు. నున్నటి కర్ర మీద లాగుడు అటూ ఇటూ మారుతుంటే మెల్లగా దొర్లుకుంటూ విడిపోతుంది. కదిలే బరువుకి రౌండ్ టర్న్ (కర్ర చుట్టూ పూర్తి చుట్టు), దాని మీద, తాడుకే వేసే రెండు హాఫ్ హిచ్‌లు వేయించండి. మొదటి పూర్తి చుట్టే లాగుడులో చాలా భాగం మింగేస్తుంది కాబట్టి బరువు మీద ఉండగానే కట్టొచ్చు, విప్పొచ్చు.

బోలైన్: తప్పు మొదటి చిన్న వలయంలోనే జరుగుతుంది. అది ఎదురుగా తిరిగితే కొస ఎక్కినా దిగినా ముడి నిలవదు, లాగగానే మాయం. వేశాక రెండు చూడాలి: కొస, బరువు పడే తాడు వెనకనుంచి చుట్టి వచ్చిందా, వచ్చి పెద్ద ఉచ్చు లోపలివైపు పడిందా. కొస మిగులు తాడు లావుకి 12 రెట్లు, అంటే 10 మి.మీ. తాడుకి 12 సెం.మీ. గట్టి నైలాన్‌లో బరువు తీసేసి కదిలిస్తుంటే బోలైన్ వదులవుతుంది. అందుకే మనిషి బరువు పడే చోట మిగిలిన కొసతో ఉచ్చు మీద ఒక అడ్డముడి వేయించాలి.

#3 కొత్తదళం

నాలుగుముళ్లు గారూ, చాలా థాంక్స్. టెంట్ తాడుకి టాట్‌లైన్ హిచ్ (జరుపుతూ బిగువు మార్చుకునే ముడి) వేస్తున్నారు, గాలి వస్తే జారుతోంది. ముడి సరిగ్గానే ఉంది అనిపిస్తోంది.

#4 నాలుగుముళ్లు

ఉచ్చు లోపల రెండు చుట్లు, బయట ఒకటి, అన్నీ ఒకే దిశలో. ఇది సరిగ్గా ఉన్నా జారుతుంటే తాడుదే తప్పు. నున్నటి నైలాన్‌కి రాపిడి తక్కువ, లోపల మూడో చుట్టు వేయించండి. ఇంకోటి: తడిస్తే నైలాన్ సాగుతుంది. రాత్రి వానకి టెంట్ వేలాడితే ముడి జారిందని అనుకుంటారు, నిజానికి తాడు సాగి ఉంటుంది. పడుకునే ముందు ఒకసారి బిగించుకోవడం నేర్పండి.

#5 వెదురుబొంగు

కర్రలు కలిపే కట్ల గురించి. స్క్వేర్ లాషింగ్‌లో (నిలువు కర్రకి అడ్డకర్రను కట్టే కట్టు) అందరూ చుట్ల మీద దృష్టి పెడతారు. బిగువు వచ్చేది చుట్లతో కాదు, రెండు కర్రల మధ్యనుంచి అడ్డంగా లాగే ఫ్రాపింగ్‌తో.

క్రమం ఇది. నిలువు కర్రకి, అడ్డకర్ర కింద, క్లోవ్ హిచ్. పొట్టి కొసని పొడవు తాడుకి మెలిపెట్టేయాలి. తర్వాత అడ్డకర్ర ముందునుంచి, నిలువు వెనకనుంచి, మూడు పూర్తి చుట్లు. అడ్డకర్ర మీద ప్రతి చుట్టూ ముందుదానికి బయటివైపు పడాలి, నిలువు మీద లోపలివైపు. ఒకదాని మీద ఒకటి ఎక్కితే కింది చుట్టుకి బిగువు అందదు. ప్రతి చుట్టునీ అప్పుడే గుంజాలి, చివర్లో ఒకేసారి గుంజుదాం అంటే కుదరదు. ఆపైన కర్రల మధ్య రెండు ఫ్రాపింగ్ చుట్లు, ఒంటి బరువు వేసి. ముగింపు క్లోవ్ హిచ్ అడ్డకర్రకి.

తాడు చాలక మధ్యలో ఆగిపోవడం ఇంకో బెడద. పాత లెక్క ఒకటుంది: రెండు కర్రల లావులు కూడి, దాన్ని 36తో గుణిస్తే కావలసిన పొడవు. 6 సెం.మీ. కర్రలు రెండైతే 12 × 36, అంటే దాదాపు 4.3 మీటర్లు.

కర్రలు ఒకదానికొకటి ఆనకుండా ఎడంగా ఉంటే, లేదా విడిపోవడానికి తన్నుకుంటుంటే స్క్వేర్ పనికిరాదు. అప్పుడు డయాగొనల్ (ఐమూలగా చుట్టే కట్టు). దాన్ని టింబర్ హిచ్‌తో మొదలుపెట్టేది అందుకే, అది కర్రలను దగ్గరికి లాగుతుంది.

తాడు కొస విప్పుకోకుండా సన్నదారంతో విప్పింగ్ చుట్టించండి. చుట్టు పొడవు తాడు లావుకి కనీసం ఒకటిన్నర రెట్లు.

#6 చితుకులమంట

నైలాన్ అయితే కొస కరిగిస్తే పోతుంది కదా, ఇంత దారం చుట్టుడు ఎందుకు?

#7 వెదురుబొంగు

కరిగించొచ్చు. అయితే కరిగిన బొట్టు చర్మం మీద పడితే అంటుకుని కాలుస్తూనే ఉంటుంది, పిల్లల చేత చేయించేటప్పుడు నీళ్ల గిన్నె పక్కనే ఉండాలి. గట్టిపడ్డ అంచు తర్వాత చేయి కోస్తుంది, పగిలితే మళ్లీ పురి విప్పుకుంటుంది. నార తాళ్లకైతే కరగడమే లేదు, కాలిపోతాయి. రెండు రకాలకీ దారం పనిచేస్తుంది కాబట్టి నేర్పాల్సింది అదే.

#8 చితుకులమంట

ఒప్పుకున్నాను. ఇక నా వంతు: చాకు, గొడ్డలి, నిప్పు.

చాకు. తీసేముందు చేయి చాచి ఒక చుట్టు తిరగాలి. ఎవరికైనా తగిలితే పని మొదలుపెట్టకూడదు. కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, కోత ఒంటికి దూరంగా పోవాలి. తొడల మధ్య పెట్టుకుని చెక్కడం అసలు ఒప్పుకోవద్దు, తొడ లోపలి పెద్ద ధమని అక్కడే ఉంది. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు పిడి ముందుకి. అవతలివాడు పట్టుకుని "అందింది" అన్నాకే వదలాలి. ఈ ఒక్క మాటని చాదస్తం అనుకుంటారు, కానీ కింద పడబోయే చాకుని గాల్లో పట్టుకోబోయే పిల్లవాణ్ని కాపాడేది అదే.

మొద్దు చాకే ఎక్కువ ప్రమాదం. దిగదు గనక బలం పెడతారు, బలం పెట్టినప్పుడే జారుతుంది. పదును పెట్టేటప్పుడు వాదర రాయికి సుమారు 20 డిగ్రీలు. అలుగు వెడల్పు 2.5 సెం.మీ. ఉంటే చాకు వీపు రాయి మీంచి 8, 9 మి.మీ. లేస్తే ఆ కోణం వచ్చినట్టే. రెండు పక్కలా సమానంగా రుద్దాలి. ఒక పక్క ఎక్కువైతే వాదర ఇంకో పక్కకు వంగి సన్నటి ముళ్లలా తగులుతుంది.

చేగొడ్డలి. పిల్లలు మోకాళ్ల మీద కూర్చునే వాడాలి. నిలబడితే గురితప్పిన దెబ్బ మోకాటి చిప్పకో పిక్కకో వస్తుంది. మోకాళ్ల మీద ఉంటే నేలకో మొద్దుకో పోతుంది. కట్టెని మొద్దు మీద అవతలి అంచు దగ్గర ఆనించాలి, దెబ్బ తప్పినా ఇవతలి చెక్కలోనే దిగుతుంది. చీల్చేటప్పుడు గురిపెట్టి కొట్టడం కంటే, వాదరని కట్టె మీద ఆనించి రెండూ కలిపి లేపి మొద్దు మీద కొట్టడం క్షేమం. వాడే ముందు గొడ్డలి తల ఊగుతుందేమో చూడాలి. ఊగుతుంటే నీళ్లలో నానబెట్టే చిట్కా ఉంది, కర్ర ఉబ్బి ఒక పూట బిగుస్తుంది. ఆరాక ఇంకా వదులవుతుంది. ఆ గొడ్డలిని పక్కన పెట్టేయడమే పని.

నిప్పు. మంట ఆరిపోవడానికి కారణం ఎప్పుడూ ఒకటే: చాలినంత సన్నపుల్లలు ఏరకుండానే అగ్గిపుల్ల గీయడం. లావు కట్టె అంటుకోవాలంటే ముందు దానిలో తడి పోవాలి, తర్వాత వేడికి ఆవిరి లేవాలి, ఆ ఆవిరే మండుతుంది. సన్నపుల్లకి బరువు తక్కువ, వేడి తగిలే ఒళ్లు ఎక్కువ, క్షణంలో ఆ స్థితికి వస్తుంది. కాబట్టి మెట్లు దాటకూడదు. రెండు గుప్పెళ్ల ఎండుపీచో బెరడుతురుమో, రెండు గుప్పెళ్ల అగ్గిపుల్ల లావు చితుకులు, ఒక చంకెడు పెన్సిల్ లావువి, అంతే పరిమాణంలో బొటనవేలి లావువి. అన్నీ పక్కన పేర్చుకున్నాకే అగ్గిపెట్టె జేబులోంచి రావాలి. ఎండిందో లేదో తెలుసుకోడానికి విరిచి చూడాలి. ఫట్టుమంటే ఎండినట్టు. వంగి నారలు తేలితే పచ్చిది.

చుట్టూ 3 మీటర్ల వెడల్పున ఆకులు, గడ్డి, ఎండు వేళ్లు తీసేసి మట్టి కనిపించాలి. పైన వేలాడే కొమ్మ ఉండకూడదు. గాలి వచ్చే వైపు వీపు పెట్టి, పేర్పు అడుగున అంటించాలి. గాలి మంటని పుల్లల్లోకి తోస్తుంది. గట్టిగా కుక్కితే గాలి ఆడదు, మరీ వదులైతే మంట ఒకదాన్నుంచి ఇంకోదానికి అందదు. మధ్యలో వేలు దూరేంత సందు చాలు.

ఏటి రాళ్లతో పొయ్యి కట్టొద్దు. లోపలి నీరు ఆవిరై రాయిని పగలగొడుతుంది, ముక్కలు కళ్లలోకి వస్తాయి.

#9 పెట్రోల్_లీడర్

సార్, వాన పడి అన్నీ తడిసిపోతే? మా పరీక్షలో రెండే అగ్గిపుల్లలు ఇస్తారు.

#10 చితుకులమంట

నేల మీద పడ్డవి వదిలెయ్, అవి తడిని పీల్చుకుని ఉంటాయి. నిలబడి ఉన్న చెట్టుకే ఎండిపోయి వేలాడే సన్నకొమ్మలు చూడు, వాటికి తడి పైపైనే. మణికట్టు లావు ఎండుకట్టె ఒకటి దొరికితే నాలుగుగా చీల్చు, లోపలి చెక్క పొడిగా ఉంటుంది. దాన్నే చాకుతో పలచగా, తెగిపోకుండా, చుట్టలు చుట్టలుగా చెక్కితే ఈకలపుల్ల తయారవుతుంది. అలాంటివి అయిదారు ఉంటే పీచుతో పనిలేదు. తడి నేల మీద నేరుగా పెట్టకు, బొటనవేలి లావు పుల్లలు పక్కపక్కన పేర్చి వేదిక చేసి దాని మీద పేర్చు. మొదటి పుల్ల గీశాక చేతుల మధ్య దాచి, పుల్ల తల కిందికి వంచి, అది బాగా అంటుకునేదాకా ఆగాలి. అక్కడ తొందరపడే ఎక్కువమంది రెండో పుల్లకి వెళ్తారు.

#11 ఉత్తరరేఖ

దిక్సూచి మీద ఎవరూ రాయలేదు కాబట్టి.

ముందు పేర్లు: ప్లేటు అంటే దిక్సూచి కింది పలక, ప్రయాణ బాణం ఆ పలక మీది బాణం, డయల్ అంటే దాని మీద తిరిగే డిగ్రీల చక్రం, లోపలి గీతలూ లోపలి బాణమూ ఆ చక్రం అడుగునవి. ఇక మూడు మెట్లు. ఒకటి: ప్లేటు అంచు మ్యాపు మీద ఉన్న చోటునీ వెళ్లాల్సిన చోటునీ తాకాలి, ప్రయాణ బాణం వెళ్లాల్సిన వైపు. రెండు: డయల్ తిప్పి లోపలి గీతలు మ్యాపు ఉత్తర దక్షిణ గీతలకి సమాంతరం చేయాలి, లోపలి బాణం మొన మ్యాపు ఉత్తరం వైపు. ఈ మెట్టులో సూదిని చూడకూడదు, దానితో ఇక్కడ పనే లేదు. మూడు: మ్యాపు తీసేసి, దిక్సూచిని ఛాతీ ముందు మట్టంగా పట్టుకుని, డయల్ ముట్టుకోకుండా, ఒళ్లంతా తిప్పుతూ సూది ఎర్రమొనని లోపలి బాణంలో కూర్చోబెట్టాలి. ఇప్పుడు ప్రయాణ బాణం చూపేదే దారి.

ఎదురు దిక్కుకు నడవడానికి ముఖ్యమైన కారణాలు రెండు. మొదటి మెట్టులో ప్రయాణ బాణం తలకిందులైంది, లేదా రెండో మెట్టులో లోపలి బాణం మొన దక్షిణానికి పోయింది. రెండింట్లోనూ తేడా సరిగ్గా 180 డిగ్రీలే. (రెండు తప్పులూ కలిసి చేస్తే సరైన దిక్కే వస్తుంది. అప్పుడు ఎవడూ పట్టుకోలేడు!) దీనికి మందు: డయల్ చూడకముందే "మనం సుమారుగా ఏ దిక్కు వెళ్లాలి" అని నోటితో చెప్పించడం. ఆగ్నేయం అన్నవాడు 315 చదివితే తనే ఆగుతాడు.

చిన్న తేడాలు రావడానికి కారణాలు వేరే. ఫోన్, చాకు, బెల్టు బకిల్, పక్కనున్న ఇనుపకంచె సూదిని లాగుతాయి. దిక్సూచి వాలితే సూది మూతకి తగిలి ఆగిపోతుంది. 1 డిగ్రీ తప్పితే కిలోమీటరుకి 17 మీటర్లు పక్కకు పోతాం. 5 డిగ్రీలంటే 87. దూరపు కొండని గురిపెట్టి నడవడం కంటే 50, 100 మీటర్లలో కనబడే చెట్టుని పట్టుకుని, అక్కడికి చేరాక మళ్లీ చూసుకోవడం మేలు.

అయస్కాంత ఉత్తరం, నిజ ఉత్తరం ఒకటి కావు. ఆ తేడా మ్యాపు అంచున రాసి ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది కూడా. మ్యాపు మీద కొలిచిన దిక్కుని నేల మీదికి తెచ్చేటప్పుడు తేడా పడమరకి ఉంటే కలపాలి, తూర్పుకి ఉంటే తీసేయాలి. నేల మీదనుంచి మ్యాపు మీదికి అయితే తిరగెయ్యాలి.

దూరం: 1:25,000 మ్యాపులో 4 సెం.మీ. ఒక కిలోమీటరు, 1:50,000లో 2 సెం.మీ. నడిచింది కొలవడానికి టేపుతో 100 మీటర్లు కొలిచి, ఎడమకాలు పడినప్పుడల్లా లెక్కపెట్టించండి. పెద్దవాళ్లకి సాధారణంగా 60, 70 మధ్య వస్తుంది, పిల్లలకి ఎక్కువ. ఎగుడులో, పొదల్లో ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది కాబట్టి చదునులో కొలిచింది ఒక్కటీ చాలదు. సమయానికి 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ నడుస్తోంది: 5 కిలోమీటర్లకి గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. అది దిట్టమైన పెద్దవాడి నడక. బరువు మోసే పిల్లలకి సగం మళ్లీ కలుపుకోండి.

#12 కొత్తదళం

వాగు మీద వంతెన చేరాలని గురి పెడితే, వాగు దగ్గరికొచ్చాక వంతెన ఎడమనో కుడినో తెలియట్లేదు.

#13 ఉత్తరరేఖ

సూటిగా గురిపెట్టినందుకే. కావాలని ఒక పక్కకి, 5 నుంచి 10 డిగ్రీలు, తప్పించి నడిపించండి. ఎడమకి తప్పిస్తే వాగు తగలగానే వంతెన కుడివైపే ఉంటుంది, వెతుకులాట లేదు.

#14 తెల్లపట్టీ

ప్రథమ చికిత్స. ఇక్కడ పాత అలవాట్లే పెద్ద శత్రువు, అందుకే వాటి చుట్టూనే రాస్తున్నాను.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి నేరుగా, గట్టిగా, ఆపకుండా నొక్కాలి. నిమిషానికోసారి తీసి చూడటమే తప్పు, కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకొకటి. చేయీ కాలూ నుంచి ధారగా కారుతూ నొక్కుడుకి లొంగకపోతేనే టూర్నికే (రక్తం ఆపే బిగింపు పట్టీ): గాయానికి 5–7 సెం.మీ. పైన, కీలు మీద కాకుండా, కట్టిన సమయం రాసి. ఆసుపత్రి చేరేదాకా వదులు చేయకూడదు. సన్నతాడు, తీగ వాడకూడదు, కండ కోస్తుంది.

ముక్కునుంచి రక్తం: తల వెనక్కి వంచొద్దు. ముందుకి వంచి, మెత్తటి భాగం 10 నిమిషాలు పట్టుకోవాలి. వెనక్కి వంచితే రక్తం గొంతులోకి పోతుంది.

కాలిన గాయం: ఉంగరం, కంకణం వెంటనే తీసి, 20 నిమిషాలు చల్లటి పారే నీరు. ఐసు వద్దు, అది దెబ్బతిన్న చర్మానికి రక్తం ఆపేస్తుంది. పేస్టు, నూనె ఏవీ వద్దు. బొబ్బలు చిదపకూడదు.

ఎండదెబ్బలో రెండు మెట్లు వేరు చేయడం నేర్పాలి. చెమట, నీరసం, వాంతి వచ్చేట్టుండి మాట తెలివిగా ఉంటే నీడ, నీళ్లు, విశ్రాంతి. మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా, స్పృహ తగ్గినా వడదెబ్బ, లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. చెమట పడుతోంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ఉండొచ్చు. సహాయం పిలుస్తూనే ఒళ్లు తడిపి, విసిరి, చల్లార్చడం మొదలుపెట్టాలి. ముందు చల్లార్చడం, తర్వాతే తరలించడం.

చలి: వణుకు ఆగితే వేడెక్కాడని కాదు, దిగజారాడని. తడి బట్టలు మార్చి, కింద నేల చల్లదనం తగలకుండా పరచి, కప్పాలి. చేతులూ కాళ్లూ రుద్దొద్దు.

గుండె ఆగితే: ఛాతీ మధ్యలో నిమిషానికి 100–120 నొక్కుళ్లు, పెద్దవాళ్లకి 5–6 సెం.మీ. లోతు, 30కి 2 ఊపిరులు. పిల్లలు లోతుగా నొక్కడానికి భయపడతారు, ప్రతి నొక్కుడు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వరు. రెండూ శిక్షణకి వాడే మనిషి బొమ్మ మీద సరిదిద్దాలి.

#15 చితుకులమంట

పాము కాటుకి పైన గుడ్డ గట్టిగా కట్టడం పరీక్షలో ఉండేది కదా?

#16 తెల్లపట్టీ

ఉండేది. ఇప్పుడు చెప్పకూడదు. కట్టు వల్ల ఆ భాగానికి రక్తం అందక పాడవుతుంది, కట్టు విప్పగానే విషం ఒక్కసారిగా లోపలికి పోయే ప్రమాదమూ ఉంది. కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం అన్నీ అంతే. కదలకుండా పడుకోబెట్టి, ఉంగరాలూ వాచీ తీసి, కరిచిన చేతికో కాలికో పుల్లకట్టు వేసినట్టు కదలిక ఆపి, మోసుకుని ఆసుపత్రికి చేర్చడమే. నడిపించొద్దు. పాముని పట్టుకోవడానికో చంపడానికో ఎవరూ వెళ్లకూడదు.

#17 ఒడ్డుమనిషి

నీటి దగ్గర క్రమం నాలుగు మాటలు: చాచు, విసురు, పడవ, చివరికే ఈత. ఈ ర్యాంకు పిల్లలకి మొదటి రెండే. దూకడం నేర్పితే ఇద్దరు మునుగుతారు, మునుగుతున్నవాడు పైకెక్కడానికి ఏది దొరికితే దాన్ని తొక్కుతాడు.

చాచేటప్పుడు బోర్లా పడుకుని, ఒడ్డుని ఒక చేత్తో పట్టుకుని, కర్రో తువ్వాలో అందించాలి. నిలబడి అందిస్తే లాగుడికి ముందుకి పడతారు. విసిరే తాడు 15–20 మీటర్లు, మనిషి మీదికి కాదు, తలమీదుగా దాటి వెనకపడేట్టు. దాటితే తాడు అతని చేతిమీదికి వస్తుంది, తక్కువపడితే మళ్లీ చుట్టుకునే సమయం ఉండదు. ప్రవాహంలో అయితే కొంచెం పైవైపు వేయాలి. అందుకున్నాక కూర్చుని గానీ పడుకుని గానీ లాగాలి, తాడుని మణికట్టుకి చుట్టుకోకూడదు.

అన్నిటికంటే ముఖ్యం గుర్తుపట్టడం. మునిగేవాడు కేకలు వేయడు. నోరు నీటి మట్టానికి అటూ ఇటూ ఆడుతుంటుంది, చేతులు పక్కలకి నీటిని నొక్కుతుంటాయి, మనిషి నిటారుగా నిలబడ్డట్టు ఉంటాడు. కేక లేదు కాబట్టి ఆట అనుకుంటారు. అందుకే ఈతకి దిగినంతసేపూ జతలుగా ఉండటం, 10 నిమిషాలకోసారి విజిల్ ఊదగానే జతలు చేతులు పట్టుకుని లేపి లెక్క చెప్పడం.

#18 పెట్రోల్_లీడర్

దారి తప్పితే విజిల్ మూడుసార్లా ఆరుసార్లా సార్? రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంది.

#19 ఉత్తరరేఖ

రెండూ వాడుకలో ఉన్నాయి. కొండల్లో వాడే సంకేతం నిమిషంలో 6 ఊదులు, ఒక నిమిషం విరామం, మళ్లీ 6. విన్నవాళ్ల జవాబు నిమిషంలో 3. చాలా చోట్ల 3 ఊదులనే ఆపద సంకేతంగా నేర్పుతారు. మీరు వెళ్లే ప్రాంతంలో ఏది నడుస్తుందో ముందే అడిగి, దళమంతా ఒకటే వాడండి. ఏదైనా సమాన విరామంతో పదే పదే రావడమే గుర్తు. దానికంటే ముందు పని, తప్పామని తెలిసిన చోటే ఆగిపోవడం. నడిచేకొద్దీ వెతికేవాళ్లకి వలయం పెద్దదవుతుంది.

#20 ఒడ్డుమనిషి

దానికి తోడు ఉరుము. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి 3తో భాగిస్తే కిలోమీటర్లు. 30 సెకన్లలోపు వినబడితే మైదానం, నీళ్లు, ఒంటరి చెట్టు, డేరా, అన్నీ వదిలి గట్టి భవనంలోకో మూసిన కారులోకో వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రాకూడదు.

#21 కొత్తదళం

ఇంత రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒకటే మిగిలింది: మంట ఆర్పడంలో "ఆరింది" అని ఎప్పుడు ఒప్పుకోవాలి? పొగ ఆగితే చాలంటున్నారు పిల్లలు.

#22 చితుకులమంట

పొగ ఆగడం లెక్కలోకి రాదు. నీళ్లు పోయాలి, కర్రతో కలపాలి, మళ్లీ పోయాలి, అడుగున ఉన్న కట్టెలు తిరగేసి వాటి కింద కూడా పోయాలి. నీళ్లు తక్కువైతే మట్టి కలుపుతూ తిప్పండి, కానీ నిప్పుల్ని మట్టితో కప్పేసి వెళ్లకండి, లోపల గంటల తరబడి బతికే ఉంటాయి, వేరు తగిలితే దాని వెంబడి నేలకింద పాకుతాయి. ఆ తర్వాత అరచేయి కాదు, చేతి వెనకభాగం బూడిదకి పైన పట్టి, వేడి తగలకపోతే మెల్లగా దించి తాకాలి. ఎక్కడైనా గోరువెచ్చగా ఉంటే ఆ చోట మళ్లీ మొదటినుంచి. బకెట్ నిండా నీళ్లు మంట రాజేయకముందే పక్కన ఉండాలి, ఆర్పే సమయంలో తేవడానికి పరుగెత్తే దళానికి నేనైతే మార్కులు వేయను.